మూడో ట్యాంకు మీది ముడి

"తాళం తిప్పింది నేనే. తిరిగి తిప్పడం మరచిపోయిందీ నేనే. భాస్కర్ చావుకు కారకుణ్ణి నేనే. ఇంతకు మించి నన్నేం అడుగుతారు మేడమ్?"

పాల్ ఆ మాటల్ని ముందే పేర్చుకున్నట్టు, ఒక్క అక్షరం తొణక్కుండా చెప్పాడు. చెప్పి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కంట్రోల్ రూము గచ్చు వంక చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక కానిస్టేబులు, తలుపు దగ్గర ఇంకొకడు. గోడ గడియారంలో పన్నెండున్నర. సాయంత్రం ఐదింటికి అతణ్ణి విజయనగరంలో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఈ మాటలే చెబితే, ఇక అతణ్ణి జైలుకు పోకుండా ఆపగల వాళ్ళెవరూ లేరు.

తాయారు కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివు. అంతకు ముందు పదేళ్ళ పాటు పాల్ చేస్తున్న ఉద్యోగమే చేసింది: కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. ట్యాంకులో నూనె ఎంతుందో చెప్పే గేజీలు, ఎక్కువైతే ఆపే స్విచ్చులు, నిప్పు కనబడితే అరిచే డిటెక్టర్లు, వీటన్నిటి నాడి చూసే వైద్యం అది. నిన్న పాల్ భార్య గ్లోరీ శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చి, కన్నీరు పెట్టకుండా ఒకే ఒక్క మాట చెప్పింది: "మా ఆయన మరచిపోయే మనిషి కాడమ్మా. ఇంట్లో గ్యాసు కట్టామా లేదా అని పడుకున్నవాడు లేచి వెళ్ళి చూసొస్తాడు." ఆ మాట మీదే తాయారు ఈ కేసు తీసుకుంది.

జరిగినది చెప్పుకుంటే చిన్నదే. 2016 సెప్టెంబరు పదిహేడు, శనివారం. పూసపాటిరేగ దాటి సముద్రం వైపు తిరిగితే వచ్చే ఈ పెట్రోలు నిల్వ టెర్మినల్‌లో విశ్వకర్మ పూజ. ఒడిశా గాలి సోకే ఈ జిల్లాల్లో ఆ రోజు యంత్రం ఉన్న ప్రతిచోటా పండగే. ప్రతి గేజికీ బొట్టు, ప్రతి వాల్వుకీ పువ్వు, ప్రతి స్విచ్చికీ పసుపు తోరం. కర్పూరం వెలిగిస్తే నిప్పు డిటెక్టర్లు గోలపెడతాయి గనుక, హారతి అయ్యేదాకా వాటిని బైపాస్ తాళంతో నిద్రపుచ్చడం ఇక్కడి ఆనవాయితీ. తోరం కట్టే చెయ్యి తగిలి వాల్వు మూసుకోకుండా, నింపుతున్న ట్యాంకు స్విచ్చినీ అలాంటి తాళంతోనే ఆపుతారు. ఆ తాళాలు పాల్ నడుముకుంటాయి. అతనిది బాప్టిస్టు కుటుంబం, పూజలో కూర్చోడు. అందరూ పూజలో ఉన్నంతసేపూ కంట్రోల్ రూము కనిపెట్టుకుని ఉంటాడు. ఏళ్ళ తరబడి అదే ఏర్పాటు; ఇరుపక్షాలకూ హాయి అయిన ఏర్పాటు.

ఆ రోజు మూడో ట్యాంకులోకి పైపులైను నుంచి పెట్రోలు వస్తోంది. దాని గేజి మరమ్మతులో ఉంది. చేత్తో కొలుస్తూ నింపుతున్నారు. పొంగకుండా ఆపడానికి మిగిలిన కాపలా ఒక్కటే: ట్యాంకు నెత్తి మీది ఫ్లోటు స్విచ్చి. పెట్రోలు పైకి వస్తే ఫ్లోటు లేస్తుంది. ఫ్లోటు లేస్తే వాల్వు మూసుకుంటుంది. పూజ ముగిసి అందరూ భోజనాలకు కూర్చున్న వేళ ట్యాంకు పొంగింది. వాల్వు మూసుకోలేదు. చేత్తో మూద్దామని ట్యాంకు చుట్టూ ఉన్న కట్టుగోడ లోపలికి దూకిన ఆపరేటరు భాస్కర్, పెట్రోలు ఆవిరిలో ఊపిరాడక కూలిపోయాడు. పాల్ మాస్కు తగిలించుకుని పరుగెత్తి, వాల్వు బిగించి, అతణ్ణి బయటికి ఈడ్చుకొచ్చేసరికే ప్రాణం పోయింది. పోలీసులు వచ్చి చూస్తే, కంట్రోల్ రూములో మూడో ట్యాంకు తాళం బైపాస్ వైపు తిరిగి ఉంది.

"అడగడం అయిపోనాదా?" అంటూ సి.ఐ. జగన్నాధం లోపలికి వచ్చాడు. టోపీ బల్ల మీద పెట్టి, తాయారును ఎగాదిగా చూశాడు. "మీవోడే ఒప్పీసుకున్నాక మీకిక్కడ ఇంకేటి పని తాయారు గారూ? బొబ్బిలి కేసులో ఒకపాలి గెలిసినాననీసి, ఊరంతా మీదే అనుకుంటన్నారా?"

"బొబ్బిలిలో నేను గెలవలేదు సి.ఐ. గారూ. మీరు తొందరపడ్డారు."

తలుపు దగ్గరి కానిస్టేబులు నవ్వు మింగేశాడు. జగన్నాధం అటు తిరిగి చూడగానే అతని మొహం గోడలా అయిపోయింది.

"పాల్ గారూ, ఒక్క ప్రశ్న," అంది తాయారు. "శనివారం ట్యాంకు పొంగినప్పుడు ఈ గదిలో ప్రమాదం చెప్పే హూటరు మోగిందా?"

పాల్ మొదటిసారి తలెత్తాడు. ఆ చూపులో భయం ఉంది. పట్టుబడిన దొంగ భయం కాదది. దాచినది ఎవరి కంట పడుతుందోనన్న భయం.

"లేదు," అన్నాడు.

"లేదు. భోజనాల దగ్గరున్న వాళ్ళంతా వాసన వచ్చి లేచామన్నారే గాని, మోత విని లేచామని ఒక్కరూ అనలేదు." తాయారు జగన్నాధం వైపు తిరిగింది. "బైపాస్ తాళం వాల్వు మూసుకోకుండా ఆపుతుంది గాని హూటరును ఆపదు. తాళం ఎటు తిరిగి ఉన్నా సరే, ఫ్లోటు లేచిందంటే ఈ గది దద్దరిల్లాలి. మోగలేదంటే ఫ్లోటు లేవనే లేదు. అది లేవనప్పుడు తాళం ఎటున్నా ఒకటే. భాస్కర్‌ను చంపింది ఈ తాళం కాదు."

"మరి తాళం ఎందుకు తిరిగున్నాది?"

"నేనూ అదే అడుగుతున్నాను."

జగన్నాధం పాల్ వంక చూశాడు. పాల్ మళ్ళీ గచ్చు వంక చూస్తున్నాడు.

"ట్యాంకెక్కి సూసుకోండి," అన్నాడు జగన్నాధం విసుగ్గా. "ఏదీ ముట్టుకోవద్దు. నిన్న మేనేజరు గారు శాంపిలు తీయాలనీసి ఎక్కితే ఆయనకీ అదే సెప్పాను. నాలుగింటికి జీపు కదుల్తాది. మీ కోసం ఆగదు."

మేనేజరు వినోద్ బయట వరండాలోనే ఉన్నాడు. తెల్ల హెల్మెట్, మడత నలగని చొక్కా, మర్యాద తొలగని మాట. తానే మాస్కు తెచ్చి తాయారు చేతికిచ్చాడు. "పైన ఆవిరి ఇంకా పూర్తిగా పోలేదు మేడమ్. మాస్కు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. పాల్ మంచి ఇంజనీరే. ఏం చేస్తాం, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"మూడో ట్యాంకు స్విచ్చి అంతకు ముందెప్పుడైనా ఇబ్బంది పెట్టిందా?"

"అబ్బే, ఎప్పుడూ లేదు," అన్నాడు వినోద్, ప్రశ్న పూర్తి కాకముందే.

ట్యాంకు ఒంటికి చుట్టుకున్న మెట్ల మీదుగా తాయారు పైకెక్కింది. పైకప్పు మీద శనివారం పొంగిన పెట్రోలు ఎండి, రంగు వెలిసి, చారలు కట్టి ఉంది. గాలి గొట్టానికి ఒక తోరం, పాడైన గేజికి ఒక తోరం, చేతి కొలతకు వాడే మూతకు ఒక తోరం. మూడూ పెట్రోల్లో నాని, పసుపంతా కడుక్కుపోయి, బూడిద రంగు పీచుల్లా వేలాడుతున్నాయి. వాటి ముడులు తాయారును ఆపాయి. సాధారణంగా ఎవరూ వేసే ముడి కాదది. దారం తన మీదుగా తాను మెలిక తిరిగి, మధ్యలో చిన్న పీత కూర్చున్నట్టు ఉంది. లాగిన కొద్దీ బిగిసే ముడి. మూడింటికీ అదే ముడి, ఒకే చేతి ముడి.

నాలుగోది ఫ్లోటు స్విచ్చి. ఫ్లోటు లేస్తే దానితో పాటు పైకి లేచే లివరు ఒకటి దాని పక్కన ఉంటుంది; నెలకోసారి స్విచ్చి పనిచేస్తోందో లేదో చూడడానికి దాన్ని చేత్తో ఎత్తుతారు. ఆ లివరును కింది గొట్టానికి కలిపి బిగించి కట్టి ఉంది ఒక తోరం.

తాయారు వంగి చూసింది. ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన అవసరమూ లేదు. ఆ తోరం పచ్చగా ఉంది. పొడిగా ఉంది. పసుపు ఒక్క రేణువు రాలకుండా, ఇప్పుడే పీట మీంచి తీసి కట్టినట్టుంది. దాని ముడి బూటు తాడుకు వేసే మామూలు ముడి. దాని కింద లివరు రంగు సన్నని ఉంగరంలా గీసుకుపోయి, లోపలి ఇనుము తళతళలాడుతోంది. దారం ఇనుము మీది రంగును గీయదు.

దిగేటప్పుడు ఆమె మెట్లను పట్టించుకోలేదు. మనసులో ఒక్క లెక్కే నడుస్తోంది: పొంగిన తర్వాత కట్టిన తోరం. పొంగిన తర్వాత ఎక్కిన మనిషి.

*

దాలమ్మ, క్యాంటీను వెనక నీళ్ళ గోళెం దగ్గర అన్నం గిన్నెలు తోముతోంది. అరవై దాటిన మనిషి, సముద్రపు ఎండకు నల్లబడిన మొహం. కాంట్రాక్టు కూలీగా చేరి, టెర్మినల్ పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉంది. పూజ రోజున ట్యాంకులన్నీ ఎక్కి తోరాలు కట్టే పని ఆమెది. ఇంకెవరూ అడగరు, ఆమె ఇంకెవరికీ ఇవ్వదు.

"ఒక తోరం కట్టి చూపిస్తావా అమ్మా?" అని తాయారు బల్ల కాలు చూపింది.

దాలమ్మ తడిచేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుని, కొంగున మిగిలిన పసుపు దారం తీసి, రెప్పపాటులో కట్టేసింది. మధ్యలో పీత కూర్చున్న ముడి.

"ఈ ముడి ఎవరు నేర్పారు?"

"మా అయ్య వల అల్లీవోడు గదేటి. వల ముడి ఇది. నాకు సిన్నప్పట్నుంచీ ఇదే వస్తాది తల్లీ, ఇంకోటి రాదు. ఎందుకు, బాగునేదా?"

"బాగుంది. శనివారం పూజయ్యాక కంట్రోల్ రూముకు వెళ్ళావా?"

"ఎల్లకేటి! పాల్ బాబుకి అరటిపళ్ళు ఇచ్చొచ్చినాను. నా ముందరే తాళాలు రెండూ తిప్పీసినాడు. ఆ ఎర్రెర్రగా ఎలిగీ దీపాలు అన్నీ ఆరిపోనాయి. ఒక్కటీ మిగల్నేదు. 'అయిపోనాదా బాబూ' అంటే, 'అయిపోయింది, ఇంక నువ్వు భోంచెయ్యి' అన్నాడు."

అంటే పూజ ముగిసేసరికి ఒక్క తాళమూ బైపాస్‌లో లేదు. తాయారు ఊపిరి పీల్చుకుని, అసలు ప్రశ్న అడిగింది.

"మూడో ట్యాంకు మీద, ఆ లివరుకు తోరం కట్టినప్పుడు ఏమైనా వేరుగా కనబడిందా?"

"ఏటుంటాది? ఇనప తీగ సుట్టున్నాది. ఎందుకు సుట్టినారో మనకేటి తెల్సు! పెద్దోళ్ళు సుట్టుంటారు అనీసి, దాని మీద నుంచే తోరం కట్టీసి దిగిపోనాను."

"ఈ మాట పోలీసులకు చెప్పావా?"

"ఆళ్ళు అడగనేదు. అడగందీ సెప్తే 'ముసిల్దానా, నీకెందుకే' అంటారు."

క్యాంటీను కిటికీ అవతల తెల్ల హెల్మెట్ ఒకటి కదిలి, తప్పుకుంది. తాయారు చూసింది. కాని గడియారం మూడు దాటుతోంది, జీపు నాలుగింటికి కదులుతుంది. "ఇక్కడే కూర్చో అమ్మా, నేను వచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకు," అని, మిగిలిన దారం ముక్క అడిగి తీసుకుని, గబగబా కంట్రోల్ రూము వైపు నడిచింది. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే.

*

"పాల్ గారూ, శనివారం ఏం జరిగిందో నేను చెబుతాను. తప్పుంటే ఆపండి."

జగన్నాధం కుర్చీకి చేరగిలబడి చేతులు కట్టుకున్నాడు. "సెప్పండి, కథ బాగుంటే ఇంటాను."

"భాస్కర్‌ను బయటికి లాగాక, స్విచ్చి ఎందుకు పని చెయ్యలేదో చూద్దామని మీరు ట్యాంకెక్కారు. ఆవిరి దట్టంగా ఉంది. పైమెట్టు మీది నుంచే చూశారు. లివరు మీద తోరం బిగించి ఉంది. ఫ్లోటును ఆపింది ఆ తోరమే అనుకున్నారు. తోరాలు కట్టేది ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. మీరు కిందికి వచ్చి, పోలీసులు రాకముందే, మూడో ట్యాంకు తాళం మీ చేత్తోనే తిప్పారు. తాళం తిరిగి ఉంటే ఎవరూ ట్యాంకు మీదికి చూడరని."

పాల్ ఆపలేదు.

"ఎందుకయ్యా?" అన్నాడు జగన్నాధం. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఆవిడ నీకేటవుద్ది?"

"ఏమీ కాదు సార్." పాల్ ఆయన వైపు తిరిగాడు. "నేను చేరిన ఏడు, పూజ ప్రసాదం వద్దన్నాను. నైవేద్యం పెట్టినది మేం తినం. అందరూ మొహాలు మాడ్చుకున్నారు. కొన్నాళ్ళు క్యాంటీన్లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. మరుసటి ఏడు పూజకు ఆవిడ అరటిపళ్ళు తెచ్చింది. 'దేవుడికి సూపించనేదు బాబూ, ముందుగానే తీసి దాసినాను, తిను' అంది. అప్పట్నుంచి ప్రతి ఏడూ తెస్తోంది. నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ చేత్తో, భక్తితో కట్టిన దారం ఒక మనిషి ప్రాణం తీసిందని తెలిస్తే ఆవిడ బతకదు సార్. నేనైతే జైల్లో అయినా బతుకుతాను."

తాయారు చేతిలోని దారం ముక్కను చిటికెన వేలికి చుట్టి లాగింది. పుటుక్కున తెగింది. "ఇదండీ ఆవిడ దారం. ట్యాంకంత పెట్రోలు కింద నుంచి తోస్తుంటే ఇదా ఫ్లోటును ఆపేది? మీరు ఇంజనీరు. మామూలు రోజున మీకీ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు."

పాల్ తెగిన దారాన్ని చూశాడు. "ఆ పూట నేను లెక్క వెయ్యలేదు మేడమ్," అన్నాడు మెల్లగా. "భాస్కర్ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంది."

"లివరును ఆపింది ఇనప తీగ. పూజకు ముందే ఎవరో చుట్టారు. దాలమ్మ చూసింది, దాని మీదే తోరం కట్టింది. ఇప్పుడక్కడ తీగ లేదు, గీత ఉంది. ఆవిడ తోరమూ లేదు. పెట్రోల్లో తడవని కొత్త తోరం ఉంది, ఆవిడకు చేతకాని ముడితో. తీగ తియ్యాలంటే పాత తోరం తెంపాలి. తోరం లేకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని కొత్తది కట్టారు." తాయారు జగన్నాధం కళ్ళలోకి చూసింది. "పాల్ తర్వాత, నాకు ముందు, ఆ ట్యాంకు మీదికి ఎక్కింది ఎవరు సి.ఐ. గారూ?"

జగన్నాధం చూపు కిటికీ అవతలి మూడో ట్యాంకు మీదికి పోయింది. నిన్న మెట్ల కింద నిలబడి, ఎక్కండి సార్ అని దారి ఇచ్చింది తానే.

"పాల్," అంది తాయారు, "ఆ స్విచ్చి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదని మీ మేనేజరు అన్నాడు."

"ఎందుకు పెట్టలేదు! పైపులైను ఒత్తిడికి పెట్రోలు ఎగిసిపడి ఫ్లోటు ఊరికే లేచేది. ఈ నెల్లోనే రెండుసార్లు వాల్వు మూసుకుంది. సరుకు ఆగిందని హెడ్డాఫీసు ఆయన్ని ఫోన్లో నానా మాటలూ అంది. స్విచ్చి మార్చే వరకు ఆ ట్యాంకు నింపొద్దని నేను చెప్పాను. 'దాని సంగతి నేను చూసుకుంటాలే' అన్నారు."

జగన్నాధం లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "మేనేజరేడీ? పిలు."

తలుపు దగ్గరి కానిస్టేబులు తడబడ్డాడు. "ఇప్పుడే ట్యాంకు కాడికెళ్ళారు సార్. తోరాలన్నీ విప్పించీమని తమరే సెప్పారంట గదా. దాలమ్మని ఎంటబెట్టుకెళ్ళారు. మెట్ల కాడ కాపలా ఉన్న మనోడు తప్పుకున్నాడు."

"నానెప్పుడు సెప్పాన్రా!"

అందరూ కిటికీ దగ్గరికి ఒక్క ఉదుటున చేరారు. ఎండలో తెల్లగా మెరుస్తున్న మూడో ట్యాంకు ఒంటి మీద, మెట్ల మలుపులో, ఇద్దరు మనుషులు ఎక్కుతున్నారు. ముందు దాలమ్మ, చీర చెంగు నడుముకు దోపుకుని, మొహానికి మాస్కు లేకుండా. వెనక తెల్ల హెల్మెట్. తీగను చూసిన ఒకే ఒక్క సాక్షి ఆవిరి నిలిచిన పైకప్పు వైపు నడుస్తోంది. రెండు చుట్లు ఎక్కేశారు. ఇంకొక్కటే మిగిలింది. ఇక్కడి నుంచి ఎంత పరుగెత్తినా వాళ్ళు పైకి చేరేలోగా అందుకోలేరు.

జగన్నాధం అప్పటికే గుమ్మం దాటాడు, బూట్ల చప్పుడు వరండాలో దూరమవుతోంది. పాల్ చెయ్యి పట్టుకున్న కానిస్టేబులు ఏం చెయ్యాలో తోచక తాయారు వంక చూశాడు. "వదలండి," అంది ఆమె. అతను వదిలేశాడు.

పాల్ పరుగెత్తలేదు. కంట్రోల్ పలక అంచున ఉన్న మైకు లాక్కుని మీట నొక్కాడు. నలుగురిలో గొంతెత్తి మాట్లాడని మనిషి, ప్రార్థనలో కూడా వెనక వరసలో కూర్చునే మనిషి. అతని మాట ట్యాంకుల మధ్య, పంపు హౌసులో, క్యాంటీన్లో, గేటు దగ్గర, స్తంభం స్తంభానికీ ఉన్న స్పీకర్లలో ఒక్కసారిగా పలికింది.

"దాలమ్మా! పైకి ఎక్కకు. తప్పు నీది కాదు. తాళం నేను అబద్ధానికి తిప్పాను. నువ్వు చూసిన తీగే భాస్కర్‌ను చంపింది. అందరూ వినండి, మూడో ట్యాంకు దగ్గరికి రండి. అందరూ రండి!"

క్యాంటీను తలుపులు తెరుచుకున్నాయి. పంపు హౌసు లోంచి మనుషులు బయటికి వచ్చి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

మెట్ల మలుపులో దాలమ్మ ఆగింది. కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. కిందికి దిగడానికి ఆ ట్యాంకుకు ఒకటే దారి. ఆ దారిలో, ఆమెకు ఒక్క మెట్టు కింద, వినోద్ నిలబడి ఉన్నాడు. కింద చేరుతున్న మనుషుల్ని, పరుగున మెట్లెక్కుతున్న జగన్నాధాన్ని చూసి, అతను కమ్మీకి ఒదిగి ఆమెకు దారి ఇచ్చాడు.